హూతీలతో అమెరికా రాజీ పడింది సరే, మన సరుకు, మన నావికుల సంగతేంటి? (2025 జూలై చర్చ)

లింగిచెట్టి_వీధి
మాది ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట నుంచి షూలు, షూ అప్పర్లు యూరప్ పంపే పార్టీలే మాకు ఎక్కువ. 2025 మే 6న ట్రంప్, ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు చేస్తున్న యెమెన్ సాయుధ దళం హూతీలు ఇక ఓడల జోలికి రారు, మేం బాంబులు ఆపేస్తున్నాం అన్నాడు. ఆ వారమంతా పార్టీల నుంచి ఫోన్లే. సూయజ్ దారి తెరుచుకున్నట్టే కదా, సర్‌ఛార్జి ఎప్పుడు తీస్తారు అని. షిప్పింగ్ లైన్ల వాళ్లని అడిగితే ఒక్కరూ తేల్చి చెప్పలేదు, కంటెయినర్ పెట్టెలన్నీ ఇంకా ఆఫ్రికా చుట్టూ తిప్పుతూనే ఉన్నారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఈ 2025 జూలై మొదట్లో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ అనే రెండు ఓడల్ని ఒకదాని వెంట ఒకటి ముంచేశారు. రెండో దాంట్లో మనుషులు కూడా పోయారు.

నా ప్రశ్న ఒక్కటే. ప్రపంచంలోనే అంత బలమైన నావికాదళం 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలోనే తిరిగింది. ఆఖరికి తన ఓడల మీద చెయ్యి వేయొద్దని మాట తీసుకుని పక్కకి తప్పుకుందా? అయితే మనలాంటి వాళ్ల సరుకు ఎవరు చూస్తారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. రాజకీయ పార్టీల తిట్లు మాత్రం వద్దు.

గిండీ_గోపి
అమెరికాలో పన్ను కట్టేవాడు ఆంబూరు షూలకి ఎందుకు కాపలా కాయాలి? మార్చిలో బయటపడ్డ, అమెరికా పెద్దల సిగ్నల్ యాప్ గ్రూపు చాట్‌లో ఉపాధ్యక్షుడు వాన్స్ రాసింది అదే. సూయజ్ మీదుగా పోయే అమెరికా వ్యాపారం 3 శాతం, యూరప్‌ది 40 శాతం అన్నాడు. అవసరం ఎవరిదైతే వాళ్లే యుద్ధనౌకలు పంపుకోవాలి. ఇందులో తప్పేముంది?

కొళత్తూరు_కల్యాణి
గోపీ, ఆ షూలు కొనేది యూరప్ వాళ్లే కాదు. చెన్నై నుంచి న్యూయార్క్ వైపు వెళ్లే పెట్టెలూ సూయజ్ దారినే పోయేవి. ఆ సర్‌ఛార్జి అక్కడి కొనుగోలుదారు మీద కూడా పడుతుంది.

ఆవడి_చదువరి
ఆ శాతాలు సరైనవో కాదో పక్కన పెడదాం. సూయజ్ అవసరం యూరప్‌కే ఎక్కువన్నది 2023లోనూ అంతే. అప్పుడు అమెరికా ఇలా ప్రవర్తించలేదు. ఎక్కడ మారిందో తెలియాలంటే వరసగా చూసుకోవాలి.

2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి, ఆ వెంటనే గాజా యుద్ధం, గాజా పక్షం అంటూ హూతీలు దిగారు. అక్టోబరు 19న అమెరికా యుద్ధనౌక యూఎస్‌ఎస్ కార్నీ యెమెన్ వైపు నుంచి వచ్చిన క్షిపణుల్ని, డ్రోన్లని కూల్చింది. నవంబరు 19న హూతీలు హెలికాప్టర్లో దిగి గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడని పట్టుకుపోయారు. అందులోని 25 మందిని 2025 జనవరిలో గానీ వదల్లేదు. 2023 డిసెంబరు 18న అమెరికా రక్షణ మంత్రి ఆస్టిన్ 'ప్రాస్పరిటీ గార్డియన్' పేరుతో పలు దేశాల ఉమ్మడి నౌకా కాపలా ప్రకటించాడు. ఏ జెండా ఓడైనా ఆ దారిలో స్వేచ్ఛగా పోవాలి, అందుకు మేం నిలబడతాం అన్నది అప్పటి మాట. 2024 జనవరి 12 నుంచి బ్రిటన్‌తో కలిసి యెమెన్ లోపలికి దాడులు మొదలయ్యాయి. ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ 'ఆస్పిడీస్' పేరుతో సొంత కాపలా పెట్టుకుంది. అది కాపలా మాత్రమే, యెమెన్ నేల మీద బాంబులు వేయదు.

ఇక ట్రంప్ వచ్చాక 2025 మార్చి 15న 'రఫ్ రైడర్' అనే దాడులు మొదలయ్యాయి. వెయ్యికి పైగా లక్ష్యాల మీద బాంబులు. హిందూ మహాసముద్రంలోని డియేగో గార్సియా స్థావరానికి బీ-2 బాంబర్ విమానాలు తెచ్చి పెట్టారు. 50 రోజులు దాటాక ఒమన్ మధ్యలో ఉండి రాజీ కుదిర్చింది. అందులో ఉన్నది: అమెరికా, హూతీలు ఒకరి మీద ఒకరు దాడి చేసుకోరు, అమెరికా ఓడలు కూడా అందులోకి వస్తాయి. ఇజ్రాయెల్ మాట లేదు. రవాణా సాఫీగా సాగుతుందని ఒమన్ ప్రకటనలో ఒక ముక్క ఉంది గానీ, మిగతా దేశాల ఓడల్ని కొట్టబోమన్న హామీ లేదు. జూలైలో మునిగిన రెండూ లైబీరియా జెండావి, గ్రీకు కంపెనీలు నడిపేవి. ఆ ప్రకటనలోని మాటలే పట్టుకుని చూస్తే హూతీలు మాట తప్పలేదని వాదించొచ్చు.

నాకు అసలు మార్పు ఇక్కడ కనిపిస్తోంది. 'అందరి దారి' అని మొదలుపెట్టిన దేశం 'నా ఓడ' దగ్గర ఆగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నేవీ సముద్రాల్లో ఉండడానికి చెప్పుకున్న కారణమే ఇది. దాన్ని ఇంత చిన్నగా కుదించింది యెమెన్ కొండల్లో ఉన్న ఒక దళం.

సూళ్లూరుపేట_సుబ్బు
చదువరి సార్ పోస్టు మొదలుపెట్టేలోపు టీ పెట్టుకుంటాను నేను. కప్పు ఖాళీ అయ్యేసరికి పోస్టు కూడా అయిపోయింది. చాలా బాగా చెప్పారు సార్.

గిండీ_గోపి
కుదించింది హూతీలు కాదు. చైనా. అమెరికాకి ఇప్పుడు పసిఫిక్ ముఖ్యం. ఎర్ర సముద్రంలో కూర్చుంటే తైవాన్ వైపు ఎవరు చూస్తారు? ట్రంప్ చేసింది తెలివైన పని.

మాజీ_నావిక్
విశాఖలో నేవీ నుంచి రిటైరై పెరంబూరులో స్థిరపడ్డాను. మిసైల్ డెక్ మీద పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

అమెరికా డిస్ట్రాయర్ రకం యుద్ధనౌకలో క్షిపణులు పెట్టే నిలువు గూళ్లు 90 నుంచి 96 దాకా ఉంటాయి. అన్నిట్లో విమానాల్ని కూల్చే క్షిపణులే ఉండవు. కొన్నిట్లో నేల మీది లక్ష్యాల్ని కొట్టే టోమాహాక్‌లు, కొన్నిట్లో జలాంతర్గాముల మీదికి పంపేవి. ఒక గూడు ఖాళీ అయితే సముద్రం మధ్యలో మళ్లీ నింపుకోలేరు. రేవుకి పోవాలి, క్రేన్ కావాలి. క్షిపణి ఉన్న బరువైన క్యానిస్టర్‌ని నిలువుగా పట్టుకుని సన్నటి గూట్లోకి దించాలి. కాస్త అల ఊపినా అది అంచుకు తగులుతుంది. 2024 అక్టోబరులో యూఎస్‌ఎస్ చోసిన్ అనే యుద్ధనౌక మీద, కాలిఫోర్నియా తీరంలో, సముద్రం మీదే నింపే ప్రయోగం ఒకటి చేసి చూశారు. అది ప్రయోగం దశలోనే ఉంది. అంటే డ్రోన్లని కూల్చుతూ గూళ్లు ఖాళీ చేసుకున్న ఓడ అక్కణ్ణుంచి వెళ్లిపోక తప్పదు, దాని చోట్లోకి ఇంకోటి రావాలి.

ఖర్చు చూడండి. డ్రోన్లని కూల్చే ఒక ఎస్‌ఎం-2 క్షిపణి 20 లక్షల డాలర్లకు పైమాటే. అవతల డ్రోన్ కొన్ని వేల డాలర్లు. 2024 ఏప్రిల్‌లో అమెరికా నేవీ మంత్రి డెల్ టోరో సెనేట్ ముందు దాదాపు 100 కోట్ల డాలర్ల ఆయుధాలు వాడేశాం అని చెప్పాడు. డబ్బు ఎలాగో తెచ్చుకుంటారు. కానీ క్షిపణి ఆర్డరు పెట్టిన వారానికి చేతికి రాదు, తయారీకి ఏళ్లు పడుతుంది.

కాబట్టి గోపి చెప్పే పసిఫిక్ ఉంది చూశారూ, దాన్ని ఖాళీ చేసింది కూడా ఈ ఎర్ర సముద్రమే. ఐసెన్‌హవర్ అనే విమాన వాహక నౌక గడువుని రెండుసార్లు పొడిగించి తొమ్మిది నెలలు తిప్పారు. దాని తర్వాత పసిఫిక్ నుంచి రూజ్‌వెల్ట్, లింకన్ అనే వాహక నౌకలు వచ్చాయి. ఈ ఏడాది కార్ల్ విన్సన్. పోయిన నెల, అంటే 2025 జూన్‌లో, నిమిట్జ్ వియత్నాంలోని డానాంగ్ వెళ్లాల్సింది, ఆ పర్యటన రద్దు చేసి ఇటు తిప్పారు. పసిఫిక్ కమాండ్ అధిపతి అడ్మిరల్ పపారో ఏప్రిల్‌లో కాంగ్రెస్‌కి చెప్పిన మాట ఒకటి ఉంది. క్షిపణుల్ని కూల్చే ఒక్క పేట్రియట్ బెటాలియన్‌ని తన ప్రాంతం నుంచి పశ్చిమాసియాకి తరలించడానికి సీ-17 రవాణా విమానాల్లో 73 లోడ్లు పట్టాయట. 2019 ఎండాకాలంలో చెన్నై మెట్రోవాటర్ నీళ్ల లారీ మా వీధికి వస్తే పక్క వీధి బిందెలు ఎండిపోయేవి, అలా ఉంది వాళ్ల పరిస్థితి.

గిండీ_గోపి
సార్, మీరు చెప్పింది నా మాటకే బలం. అందుకే వదిలేశారు అంటున్నాను.

మాజీ_నావిక్
వదిలేయలేదు బాబూ. మే 6న రాజీ, జూన్ 22న ఇరాన్ అణు కేంద్రాలు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద అమెరికా బాంబులు. మళ్లీ ఓడలన్నీ అక్కడికే. పసిఫిక్‌కి పోదామని ఎప్పుడు అనుకున్నా ఇక్కడిదో మంట వెనక్కి లాగుతోంది. ఒబామా కాలం నుంచీ ఇదే కథ.

మూడో_ఇంజనీర్
ఓడ మీద నుంచే రాస్తున్నాను, నెట్ దొరికినప్పుడే పోస్టు పడుతుంది.

2024 మొదట్లో బల్క్ క్యారియర్‌లో ఆ దారిన వచ్చాం. ఎర్ర సముద్రం దక్షిణ మొదట్లో, బాబ్ ఎల్ మాందెబ్ దగ్గర సముద్రం వెడల్పు 30 కిలోమీటర్లే. రాత్రిపూట దాటాలని కెప్టెన్ ముందు నుంచే స్పీడు సర్దుకుంటూ వచ్చాడు. ఓడ ఎక్కడుందో అందరికీ చెప్పే ఏఐఎస్ పరికరం ఆపేశాం. కిటికీలకి ఇనుప మూతలు బిగించాం. డెక్ మీదికి ఎవరూ రాకూడదు. ఇంజన్ రూములో తప్పనిసరి వాళ్లం తప్ప మిగతా అందరూ సిటాడెల్‌లో, అంటే తలుపులు బిగించుకుని దాక్కునే గదిలో. మా ఓడకి సిటాడెల్ అంటే స్టీరింగ్ గేర్ రూమే. నీళ్ల బాటిళ్లు, బిస్కెట్ల డబ్బాలు, ఒక శాటిలైట్ ఫోను, పంపుల చప్పుడు, భరించలేని వేడి. బ్రిడ్జి మీద వీహెచ్ఎఫ్ రేడియోలో ఒక యుద్ధనౌక పిలిచింది. మీరెవరు, ఎక్కడికి, అందరూ క్షేమమేనా అని. ఆ సంగతి కింద చెప్పగానే డెక్ సిబ్బందికి పెద్ద అయిన మా బోసన్, పాలకొల్లు ఆయన, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ గొంతు అమెరికాదో బ్రిటన్‌దో మాలో ఎవరూ అడగలేదు.

ఒడ్డున ఉన్నవాళ్లకి తెలియని సంగతి ఒకటి. సిటాడెల్ అనేది సముద్రపు దొంగల కోసం పెట్టుకున్నది. దొంగ వస్తే తలుపు బిగించుకుని కూర్చుంటాం, ఏదో ఒక నేవీ వచ్చేదాకా. క్షిపణికి ఆ లెక్క పనికిరాదు. వాటర్‌లైన్ దగ్గర తగిలితే మొదట పోయేది ఇంజన్ రూము వాళ్లే. 2024 జూన్‌లో ట్యూటర్ అనే ఓడలో పోయిన ఫిలిప్పీన్స్ అబ్బాయి ఇంజన్ రూములో ఉన్నవాడే.

ఇప్పుడు కొన్ని ఓడలు ఏఐఎస్‌లో గమ్యం రాసే చోట 'సిబ్బంది అంతా చైనావాళ్లు', 'ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు' అని పెట్టుకుని దాటుతున్నాయి. కాపలా ఉందన్న నమ్మకం ఉంటే ఎవరూ అలా రాసుకోరు.

వెలచ్చేరి_వాణి
మూడో ఇంజనీర్ గారి పోస్టు చదువుతుంటే చేతులు వణికాయి. మా ఆయన సెకండ్ ఆఫీసర్. వచ్చే నెల సైన్ ఆన్. యూఏఈలోని ఫుజైరాలో ఎక్కాలి అంటున్నారు. తర్వాత ఓడ ఎటు పోతుందో ఏజెంటు సరిగ్గా చెప్పడం లేదు. "ఓడని అద్దెకి తీసుకున్న చార్టరర్ ఎటు చెప్తే అటు" అంటాడు. ఎర్ర సముద్రం అయితే రానని చెప్పే హక్కు ఉందా? చెప్తే తర్వాత ఉద్యోగం ఇవ్వరని ఆయన భయం. అత్తయ్యకి ఇంకా ఏమీ చెప్పలేదు.

కొళత్తూరు_కల్యాణి
వాణి అక్కా, టెన్షన్ పడకు. తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, చెప్తారు.

రాణిపేట_రాజు
వాణి అమ్మ బాధ ముందు మాది చిన్నదే. అయినా టాపిక్ అదే కాబట్టి రాస్తున్నాను. మాది చిన్న యూనిట్. చలికాలం బూట్లు సెప్టెంబరుకల్లా వాళ్ల షాపుల్లో ఉండాలి. సూయజ్ దారిలో అయితే ఎప్పుడు కటింగ్ మొదలుపెట్టాలో మా మేస్త్రీకి కంఠతా వచ్చు. ఆఫ్రికా చుట్టూ అంటే పది రోజుల నుంచి రెండు వారాలు అదనం, కొలంబోలో పెట్టెలు వేరే ఓడకి మార్చే ట్రాన్స్‌షిప్‌మెంట్ ఆలస్యమైతే ఇంకా. పోయిన సీజన్లో ఒక కొనుగోలుదారు సరుకు ఆలస్యమైందని సగం పెట్టెలు విమానంలో పంపమన్నాడు, ఖర్చు మాదే. ఆ ఆర్డరులో మిగిలింది ఏమీ లేదు. కుట్టుపని చేసే ఆడవాళ్లకి ఓవర్‌టైమ్ ఇచ్చింది వడ్డీకి తెచ్చి. ఎక్కడో యెమెన్లో ఏదో అయితే రాణిపేటలో కుట్టు మిషన్ ఆగుతుందని వాళ్లకి ఎలా చెప్పాలి?

లింగిచెట్టి_వీధి
రాజు అన్నా, అందుకే ఈ ప్రశ్న అడిగాను. మీలాంటివాళ్లు నాకు చాలామంది. వార్ రిస్క్ ఇన్సూరెన్సు జూలై దాడుల తర్వాత ఓడ విలువలో ఒక శాతం దాకా అడుగుతున్నారు. పది కోట్ల డాలర్ల ఓడకి ఒక్కసారి దాటడానికి పది లక్షల డాలర్లు. అంతకన్నా ఆఫ్రికా చుట్టూ ఇంధనం కాల్చుకోవడమే మేలని లైన్లు అనుకుంటాయి. సూయజ్ కాలువ ఆదాయం 2023లో 1,025 కోట్ల డాలర్లు, 2024లో 400 కోట్లు కూడా రాలేదు. ఈజిప్టు పరిస్థితి అలా ఉంది.

కట్టుపల్లి_వెల్డర్
అమెరికా వెళ్లిపోతోంది అనేవాళ్లు ఒకసారి మా ఎన్నూరు వైపు రండి. 2022 ఆగస్టులో కట్టుపల్లి ఎల్ అండ్ టీ యార్డుకి చార్లెస్ డ్రూ అనే అమెరికా నేవీ సరఫరా ఓడ రిపేరుకి వచ్చింది. అమెరికా నేవీ ఓడ రిపేరుకి ఇండియా రావడం అదే మొదటిసారి. 2023లో మాథ్యూ పెర్రీ, సాల్వర్ వచ్చాయి. అదే ఏడాది మాస్టర్ షిప్ రిపేర్ అగ్రిమెంట్ కుదిరింది. తర్వాత ముంబయి మజగావ్ డాక్‌కి, కొచ్చిన్‌కి కూడా ఇచ్చారు. వెళ్లిపోయేవాడు ఊళ్లో మెకానిక్‌ని కుదుర్చుకుంటాడా?

ఆవడి_చదువరి
మంచి పాయింటు వెల్డర్ గారూ. దీన్ని ఎర్ర సముద్రంతో కలిపి చూడాలి. చార్లెస్ డ్రూ యుద్ధనౌక కాదు, యుద్ధనౌకలకి తిండి, మందుగుండు, విడిభాగాలు మోసుకెళ్లే ఓడ. ఇలాంటిది రిపేరు కోసం పసిఫిక్ దాకా వెనక్కి పోతే ఆ మేరకు ఇక్కడి ఓడలకి సరఫరా తగ్గుతుంది. దగ్గర్లో చేయించుకుంటే అదే ఓడ ఎక్కువ కాలం పనిలో ఉంటుంది. 2016లో మనం సంతకం పెట్టిన లెమోవా ఒప్పందం కూడా ఇంధనం, సరఫరాల కోసమే. డియేగో గార్సియా విషయమూ చూడండి. ఈ మే 22న బ్రిటన్ చాగోస్ దీవుల్ని మారిషస్‌కి అప్పగిస్తూ ఒప్పందం రాసుకుంది, కానీ డియేగో గార్సియా మాత్రం 99 ఏళ్ల లీజుకి తన దగ్గరే అట్టిపెట్టుకుంది. స్థావరాలు వదులుకోవడం లేదు, సామాన్లు సర్దుకోవడం లేదు. ఉంటారు. ఎవరి కోసం ఉంటారు అన్నదే మారింది.

కొళత్తూరు_కల్యాణి
నాకు ఇంకో భయం. మన యార్డులో వాళ్ల ఓడలు బాగుచేస్తుంటే రేపు వాళ్ల గొడవల్లోకి మనల్ని లాగరా? ఎర్ర సముద్రంలో మనం ప్రాస్పరిటీ గార్డియన్‌లో చేరలేదు. అది మంచి పనే అని నా నమ్మకం.

కట్టుపల్లి_వెల్డర్
అమ్మా, రిపేరు పని వస్తే మా కాంట్రాక్టు లేబరుకి నాలుగు నెలలు తిండి. ఓడ మీద జెండా చూసి మేం వెల్డింగ్ మానం.

కొళత్తూరు_కల్యాణి
మీ పని గురించి అనలేదు అన్నా. పని రావాలి. సంతకాలు పెట్టేవాళ్ల గురించి అంటున్నాను.

మాజీ_నావిక్
కల్యాణమ్మా, మనం చేరలేదు కానీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2008 నుంచి గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మన ఓడ తిరుగుతూనే ఉంది. 2023 డిసెంబరు 23న గుజరాత్ తీరానికి 200 నాటికల్ మైళ్ల దూరంలో, మంగళూరు వస్తున్న ట్యాంకర్ కెమ్ ప్లూటో మీద డ్రోన్ పడ్డాక ఒకేసారి పది దాకా యుద్ధనౌకల్ని దించాం. 2024 జనవరి 5న లీలా నార్ఫోక్‌లో 21 మంది సిటాడెల్‌లో దాక్కుంటే వెళ్లి తీసుకొచ్చింది ఐఎన్‌ఎస్ చెన్నై, మన నేవీ కమాండోలు మార్కోస్. వాళ్లలో 15 మంది మనవాళ్లు. అదే నెల 26న మార్లిన్ లువాండా మీద క్షిపణి పడి మంటలు లేస్తే ఐఎన్‌ఎస్ విశాఖపట్నం మంటలార్పే జట్టుని పంపింది. ఆ ఓడలో 22 మంది భారతీయులు. మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ నుంచి 21 మందిని ఐఎన్‌ఎస్ కోల్‌కతా ఒడ్డుకి చేర్చింది. ముగ్గుర్ని మాత్రం ఎవరూ కాపాడలేకపోయారు. ఆ నెలలోనే సోమాలియా దొంగల చేతిలో ఉన్న రూయెన్ అనే ఓడని విడిపించి 35 మంది దొంగల్ని పట్టుకుని ముంబయి తెచ్చారు.

అసలు ఆ దొంగలు మళ్లీ ఎందుకు లేచారు అనుకున్నారు? పెద్ద నేవీలన్నీ ఎర్ర సముద్రం వైపు తిరిగాయి, సోమాలియా వైపు చూసేవాడు లేడు. ఆ ఖాళీ మనం నింపాం.

సూళ్లూరుపేట_సుబ్బు
ఐఎన్‌ఎస్ చెన్నై పేరు వినగానే ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది. నావిక్ సార్, ఆ ఓడలో ఉదయం ఇడ్లీ పెడతారా?

మాజీ_నావిక్
పెడతారు. వంటవాడు ఏ రాష్ట్రం వాడన్నదాన్ని బట్టి సాంబారు.

గిండీ_గోపి
సరే, మనం మన పని చేశాం. యూరప్ వాళ్ల పని చేసుకుంటోంది. అమెరికా ఒక్కటే అందరి కోసం ఎందుకు చేయాలి అన్న నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. ఏ దేశమైనా ముందు తన జెండానే కదా చూసుకునేది.

ఆవడి_చదువరి
గోపీ, దీనికి చరిత్రలో చక్కటి జవాబు ఉంది. 1980ల్లో ఇరాన్, ఇరాక్ యుద్ధంలో రెండు దేశాలూ గల్ఫ్‌లో ట్యాంకర్ల మీద పడ్డాయి. కువైట్ అడిగితే 1987లో అమెరికా దాని 11 ట్యాంకర్లకి తన జెండా కట్టి కాన్వాయ్ నడిపింది. 'ఎర్నెస్ట్ విల్' అంటారు. మొదటి కాన్వాయ్‌లోనే, 1987 జూలై 24న, బ్రిడ్జ్‌టన్ అనే ట్యాంకర్ మందుపాతరకి తగిలింది. అప్పటి నియమం నువ్వు చెప్పినట్టే ఉంది. మా జెండా ఉంటేనే కాపాడతాం. కానీ 1988 ఏప్రిల్ 14న వాళ్ల యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ మందుపాతర మీద పడింది, నాలుగు రోజులకి ఇరాన్ నేవీ మీద పెద్ద దాడి జరిగింది, ఆ నెలాఖరుకి తటస్థ దేశాల ఓడలు సాయం అడిగితే వాటినీ కాపాడతాం అని రేగన్ ప్రభుత్వం నియమం మార్చింది. తన జెండాతో మొదలై అందరి దాకా పెరిగింది. ఇప్పుడు 2023లో అందరితో మొదలై 2025లో తన జెండా దాకా తగ్గింది. అదే దేశం, అదే ప్రాంతం, నడక మాత్రం వెనక్కి.

కొళత్తూరు_కల్యాణి
ఆ 1988 కథలో ఇంకొకటి కూడా రాయండి సార్. జూలై 3న యూఎస్‌ఎస్ విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది. కాపలా పెరిగితే అన్నీ మంచే జరుగుతాయని కాదు.

ఆవడి_చదువరి
నిజం కల్యాణి గారూ. అది వదిలేసి ఆ కాలం గురించి చెప్పకూడదు.

గిండీ_గోపి
కానీ 1988కీ ఇప్పటికీ పోలిక కుదరదు. ఇరాన్ ఒక రాజ్యం. దానికి నేవీ ఉంది, చమురు రేవులు ఉన్నాయి, పోగొట్టుకోవడానికి చాలా ఉంది. కాబట్టి దెబ్బ తగిలాక ఆగింది. హూతీల మీద సౌదీ 2015 నుంచి ఏళ్ల తరబడి బాంబులు వేసింది. ఏమైంది? ట్రంప్ వెయ్యి లక్ష్యాలు కొట్టాడు. ఏమైంది? లారీ మీద పెట్టుకుని తిరిగే క్షిపణిని ఏ కొండ వెనక అని వెతుకుతారు? దీన్ని ఆపే సైనిక మార్గం లేదని తెలుసుకున్నాడు, బయటపడ్డాడు. నేను దాన్ని పిరికితనం అనను.

మాజీ_నావిక్
గోపి ఈసారి సరైన చోట పట్టుకున్నాడు. ట్రూమన్ అనే విమాన వాహక నౌక ఒక్కటే మూడు ఎఫ్-18 యుద్ధ విమానాలు పోగొట్టుకుంది. ఒకటి 2024 డిసెంబరు 22న పక్కన ఉన్న సొంత క్రూజర్ గెట్టీస్‌బర్గే కూల్చింది, రెండు ఈ ఏప్రిల్ చివర, మే మొదట్లో సముద్రంలో పడ్డాయి. నెలల తరబడి నిద్ర లేకుండా ఉన్న సిబ్బంది ఎలా ఉంటారో నాకు తెలుసు. కానీ బాబూ, ఆపలేనప్పుడు "మా వాళ్లని వదిలేయండి, మిగతావాళ్లు మీ ఇష్టం" అని మాట తీసుకోవడం వేరు, కాపలా మాత్రం ఉంచి బాంబులు ఆపడం వేరు. యూరప్ వాళ్లు రెండోది చేస్తున్నారు, తక్కువ ఓడలతో.

రాణిపేట_రాజు
అదీ మాట.

మోడరేటర్
గాజాలో ఎవరిది న్యాయం అన్న వాదన ఇక్కడ మొదలుపెట్టిన మూడు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ సముద్రం, సరుకు, విధానం వరకే ఉండనివ్వండి.

మూడో_ఇంజనీర్
వాణి గారూ, ఇప్పుడే నెట్ వచ్చింది. జాగ్రత్తగా చదవండి.

నావికుల అంతర్జాతీయ సంఘం ఐటీఎఫ్, ఓడల కంపెనీల ఉమ్మడి వేదిక అయిన ఐబీఎఫ్ ఒప్పందం కింద ఉన్న ఓడ అయితే, దక్షిణ ఎర్ర సముద్రం, గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో వాళ్లు గుర్తించిన భాగం యుద్ధ ప్రాంతం కింద లెక్క. అక్కడికి వెళ్లనని చెప్పే హక్కు ఉంది. చెప్తే కంపెనీ తన ఖర్చుతో ఇంటికి పంపాలి, పైగా పరిహారం ఇవ్వాలి. వెళ్తే ఆ ప్రాంతంలో ఉన్న రోజులకి బేసిక్ జీతం రెట్టింపు, ఏదైనా జరిగితే పరిహారం కూడా రెట్టింపు. కానీ అన్ని ఓడలూ ఆ ఒప్పందం కింద ఉండవు. కాబట్టి సంతకం పెట్టేముందే కాంట్రాక్టులో ఏ ఒప్పందం ప్రకారం అని రాసి ఉందో చూడమనండి. ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ శాఖ డీజీ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు, ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు ఉందో లేదో, ఉంటే ఇంకా చెల్లుతుందో లేదో చూడండి. ఓడ పేరు, ప్రతి ఓడకీ విడిగా ఉండే ఐఎంఓ నంబరు అడగండి, అది ఈ ఏడాది ఎక్కడెక్కడ తిరిగిందో నేను చూసి చెప్తాను. ఇవన్నీ ఫోన్లో కాదు, ఈమెయిల్లో అడగాలి. జవాబు కూడా ఈమెయిల్లోనే రావాలి.

భయపడి అడగకుండా ఉండొద్దు. అడిగినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేసే కంపెనీ రేపు ప్రమాదంలో ఇంటికి ఫోను కూడా చేయదు.

వెలచ్చేరి_వాణి
చాలా థాంక్స్ అన్నా. ఆయనకి ఇది చూపించాను. ఇవాళే ఈమెయిల్ పెడుతున్నారు. ఐఎంఓ నంబరు రాగానే మీకు మెసేజ్ చేస్తాను.

ఆవడి_చదువరి
వాణి గారి విషయం చూస్తే ఒకటి చెప్పాలనిపిస్తోంది. ప్రపంచంలోని నావికుల్లో దాదాపు పదోవంతు మనవాళ్లు. కానీ వాళ్లు పనిచేసే ఓడల జెండాలు చూడండి: లైబీరియా, పనామా, మార్షల్ దీవులు. మన సరుకులో ఎక్కువ భాగం పోయేదీ అలాంటి ఓడల్లోనే. ఎటర్నిటీ సీ నుంచి బతికి బయటపడ్డవాళ్లలో ఒక భారతీయుడు ఉన్నాడు, ఓడ మీద సెక్యూరిటీ గార్డు. ఓడ లైబీరియాది, యజమాని గ్రీసు, సిబ్బంది ఎక్కువమంది ఫిలిప్పీన్స్. నీళ్లలో తేలుతున్న వాళ్లని వెతికి తీసినవి ప్రైవేటు ఓడలు. ఎవరి జెండా వాళ్లే చూసుకోవాలి అన్న నియమం వస్తే లైబీరియా ఏ నేవీ పంపుతుంది? ఈ విధానం మార్పుకి అందరికన్నా ఎక్కువ ధర కట్టేది మనలాంటి దేశం, ఫిలిప్పీన్స్ లాంటి దేశం.

గిండీ_గోపి
దీనికి నా దగ్గర జవాబు లేదు సార్, ఒప్పుకుంటాను. కానీ దారి ఏంటి? మన జెండా ఓడలు పెంచుకోవాలి, మన నేవీ పెంచుకోవాలి. వాషింగ్టన్ వైపు చూస్తూ కూర్చుంటే రాదు.

మాజీ_నావిక్
అది ఒప్పుకుంటాను. అయితే డిస్ట్రాయర్ కట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో కూడా లెక్కలో పెట్టుకో. ఐఎన్‌ఎస్ చెన్నై పని 2006లో మొదలైతే నేవీలో చేరింది 2016 నవంబరులో.

రాణిపేట_రాజు
లింగిచెట్టి అన్నా, చెన్నై నుంచి వ్లాదివోస్తోక్ దారి మొదలైంది అంటున్నారు కదా, మనకి ఏమైనా పనికొస్తుందా?

లింగిచెట్టి_వీధి
రష్యా నుంచి బొగ్గు, ముడిచమురు తెచ్చుకునేవాళ్లకి బాగా పనికొస్తుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ముంబయికి సూయజ్ మీదుగా 8,675 నాటికల్ మైళ్లు, ఇది 5,600. హాంబర్గ్‌లో షూ దుకాణానికి మాత్రం ఈ దారి పోదు అన్నా. ఈ సీజన్‌కి మీ కటింగ్ రెండు వారాలు ముందే మొదలుపెట్టించండి. కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం ఎల్‌సీలో ఆఖరి షిప్‌మెంట్ తేదీ ఇప్పుడే పొడిగించమని అడగండి, ఆలస్యమయ్యాక అడిగితే కొనుగోలుదారు డిస్కౌంటు అంటాడు. వచ్చే బుకింగ్‌లన్నీ ఆఫ్రికా దారి లెక్కనే వేస్తున్నాను. సూయజ్ అని ఎవరైనా తక్కువ రేటు చెప్తే ఏ లైను, ఏ ఓడ, ఇన్సూరెన్సు ఎవరిది అని అడిగి నాకు ఒకసారి చూపించండి, డబ్బు కట్టకముందే.